తంతి నుండి మెసెంజర్ వరకు: మా ఇంట ఇద్దరు వార్తాహరులు



ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. ద్రాక్షారామంలో ఉంటున్నవాణ్ణి గనుక భీమేశ్వరస్వామివారి ఆలయం గురించి వ్రాస్తాననుకుని ఉంటారు. ఆ పని నాకంటె బాగా చేయగల పెద్దలు మనలో ఉన్నారు. శాసనాల గురించి మాత్రం ఒక్క మాట చెప్పి నా దారిన నేను పోతాను. అఖండ దీపానికి ఎవరు ఏమిచ్చారో తొమ్మిది వందల ఏళ్ళ క్రితం చెక్కించినది ఇప్పటికీ ఆ రాతి మీదే ఉంది. చదవదలచినవాడు ఆ రాతి దగ్గరికే వెళ్ళాలి. ఏ రాయి అన్న సందేహం ఉండదు.

నేను వ్రాయబోయేది పాతికేళ్ళనాటి చరిత్ర. మన ఇళ్ళలోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, అప్పటికప్పుడు కబురు అందించే మెసెంజర్ ప్రోగ్రాములు ఒకే యంత్రంలో రెండేసి, మూడేసి ఎలా చేరాయి, వాటిలో ఒకదాన్ని తీసెయ్యబోతే ఎంత పని అయింది అన్నది విషయం. ఇందులో నా సొంత నష్టం ఒకటి ఉంది. ఇరవై ఏళ్ళుగా ఇంట్లోవాళ్ళకు తప్ప చెప్పలేదు. ఎనభై అయిదేళ్ళు వచ్చాయి, ఇంక దాచుకోవడం దేనికి?

నేను 1962లో తంతి తపాలా శాఖలో గుమాస్తాగా చేరి, మోర్సు నేర్చుకుని సిగ్నలరునయ్యాను. మన దేశంలో తంతి చరిత్ర 1850లో కలకత్తా, డైమండ్ హార్బరుల మధ్య వేసిన తీగతో మొదలైంది. వేయించినది ఓషానెస్సీ అనే ఐరిష్ వైద్యుడు. నాడి చూడవలసినవాడు తీగలు లాగడమేమిటని మేము ట్రెయినింగులో నవ్వుకునేవాళ్ళం. 1855లో అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అంతకంటె ముఖ్యమైన సంగతి 1865లో జరిగింది. ఆ ఏడు మే 17న పారిస్‌లో ఇరవై దేశాలు కలిసి అంతర్జాతీయ టెలిగ్రాఫు యూనియన్ పెట్టుకున్నాయి. మన దేశం 1869లో అందులో చేరింది. ఒక దేశపు తీగ మీద వచ్చిన వార్తను పక్క దేశం తన తీగ మీదికి ఎక్కించుకుని ముందుకు పంపాలన్నది ఒప్పందం. అందువల్లనే అమలాపురంలో ఫారం నింపి ఇచ్చిన మనిషి, లండన్ దాకా తన వార్త ఎవరి తీగల మీదుగా పోతుందో అడగవలసిన అవసరం లేకపోయింది. డబ్బు కట్టడం, రసీదు తీసుకోవడం, అంతే. ఈ ముక్కతో ముందు పని ఉంది, గుర్తుంచుకోండి.

మెసెంజర్ అంటే మాకు ఖాకీ బట్టలు వేసుకుని సైకిలు మీద టెలిగ్రాములు బట్వాడా చేసే మనిషి. ఒక బీటుకు ఒకడే మెసెంజరు. ఒకే టెలిగ్రామును ఇద్దరి చేతికి ఇవ్వడం మా లోకంలో లేదు. తీగ మీద పంపినవాటికి వరస నంబర్లు వేసేవాళ్ళం. నలభై తరువాత నలభై రెండు వచ్చిందంటే మధ్యలోది ఎక్కడో పోయిందని అవతలి సిగ్నలరు వెంటనే అడిగేవాడు. ఏదైనా అనుమానం వచ్చి మళ్ళీ పంపవలసి వస్తే, ఇది రెండోసారి అని చెప్పే పంపాలి. చెప్పకపోతే ఒక చావు వార్త రెండుసార్లు అందిన ఇంట్లో ఇద్దరు పోయారనుకుని గుండె బాదుకుంటారు. రెండో ప్రతి అనేది ఎంత ప్రమాదమో అప్పుడే మాకు నూరిపోశారు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మనవాళ్ళెవరికీ మరపురానిది. కొబ్బరి చెట్లతోపాటు స్తంభాలూ తీగలూ నేలకొరిగాయి. మరునాడు మా కౌంటరు ముందు జనం. కాని తీగ చచ్చిందని సౌండరు మూగబోవడంతోనే మాకు తెలుసు, కౌంటరు దగ్గర చెబితే వాళ్ళకూ తెలిసింది. కట్టలు కట్టి, లైను పనిచేస్తున్న చోటికి మనిషిచేత పంపాము. ఆలస్యంగానైనా అందాయి. మూగబోయిన తీగ మనిషిని మోసం చెయ్యదు.

2000లో రిటైరయ్యాను. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగంలో ఉండగా, 2001లో రామచంద్రపురంలోని ఒక నెట్ సెంటరులో కూర్చుని హాట్‌మెయిల్ ఖాతా తెరిచాను. మరుసటేడు వాడు అమెరికా వెళ్ళాడు. వెళుతూ మా ఇంట్లో కంప్యూటరు ఒకటి అమర్చి, ఆదివారం ఆదివారం మాట్లాడుకోవచ్చు నాన్నగారూ అన్నాడు. అందులో ఉన్నది విండోస్ ఎక్స్‌పి.

ఈ ఎక్స్‌పి 2001 అక్టోబరులో విడుదలయినది. దాంతోపాటు విండోస్ మెసెంజర్ అనే ప్రోగ్రాము మనం అడగకుండానే వచ్చేది. మైక్రోసాఫ్ట్ వారిదే ఎం.ఎస్.ఎన్. మెసెంజర్ అని ఇంకొకటి అప్పటికే ఉంది. అది 1999 జులైలో వచ్చింది, నెట్ నుండి దింపుకోవాలి. రెండూ చేసే పని ఇంచుమించు ఒకటే, రెండింటికీ ఒకే రకం ఖాతా. స్క్రీను కింద గడియారం పక్కన చిన్న మనిషి బొమ్మగా కూర్చునేవి. ఇవి చాలక, ఎక్స్‌పి లోపల పేరుకు మెసెంజర్ సర్వీసు అనే మూడోది కూడా ఉండేది. దీనికి మిగతా రెండింటితో చుట్టరికం లేదు. ఆఫీసుల్లో ఒకే నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్లకు, ప్రింటరు ఆగిపోయింది వంటి హెచ్చరికలు పంపడానికి పెట్టినది. ప్రకటనలవాళ్ళు దాన్ని పట్టుకుని ఊరూ పేరూ తెలియని కంప్యూటర్ల మీదికి బూడిదరంగు పెట్టెల్లో వార్తలు విసిరేవారు. అన్నిటికంటె విడ్డూరం ఏమిటంటే, ఇటువంటి పెట్టెలు రాకుండా చేసే ప్రోగ్రాము కొనండి అని ఆ పెట్టెలోనే ప్రకటన! 2003లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇటువంటి వ్యాపారం చేసిన ఒక సంస్థ మీద కోర్టుకు వెళ్ళింది. చివరికి 2004లో ఎక్స్‌పికి ఇచ్చిన రెండవ సర్వీస్ ప్యాకులో ఆ సర్వీసును ఆపి ఉంచారు. పేరులో మెసెంజర్ ఉంది గదా అని దీన్ని ఆపి, మనిషి బొమ్మ ఇంకా పోలేదేమిటని తలపట్టుకున్నవారిలో నేనూ ఒకణ్ణి.

ఇక నా సంగతి. కంప్యూటరుతో వచ్చిన విండోస్ మెసెంజర్‌లో మొదట నా పాత ఖాతా పెట్టాను. సంకేతపదం గుర్తుంచుకోమని టిక్కు కూడా పెట్టాను. అందులో మా అబ్బాయిది హైదరాబాదునాటి చిరునామా. 2003లో వాడు కెమెరా కోసం ఎం.ఎస్.ఎన్. మెసెంజర్ వేయించాడు. వేసినవాడు నాకు కొత్త ఖాతా తెరిచి, అందులో మా అబ్బాయి కొత్త చిరునామా చేర్చాడు. పాతదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఉంటే ఏం పోయిందిలే అనుకున్నాను. బీటుకు ఒకే మెసెంజరు అన్న మాట ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసు చేసినవాడికి ఆ వేళ గుర్తు రాలేదు.

ఆ డిసెంబరులో, ధనుర్మాసంలో ఒక ఆదివారం రాత్రి ఎనిమిది గంటలకు నెట్‌కు కలిపాను. అప్పట్లో నెట్ అంటే ఫోను తీగ మీదనే. నెట్ నడుస్తున్నంతసేపు బయటినుంచి ఫోను చేసేవాళ్ళకు ఎంగేజి. విండోస్ మెసెంజర్ దానంతటదే తెరుచుకుంది. జాబితాలో మా అబ్బాయి పేరుంది, ఇంకా రాలేదని చూపిస్తోంది. వస్తాడులే అని కూర్చున్నాను. వాడు అక్కడ తన కంప్యూటరు ముందు కూర్చుని, నా కొత్త ఖాతా వైపు చూస్తూ, నాన్నగారు ఇంకా రాలేదేమిటనుకుంటున్నాడు. ఇద్దరం ఉన్నాము, ఇద్దరికీ అవతలివాడు లేడు. మా ఆవిడ రెండుసార్లు భోజనానికి పిలిచింది. పదీ పావుదాకా కదలలేదు.

ఆ రెండుగంటల పావు సేపూ కాకినాడ నుంచి మా మేనకోడలు మా ఇంటికి ఫోను చేస్తూనే ఉంది. మా అక్కయ్యకు సాయంత్రం నుంచి ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో చేర్చారు. చివరికి వీధి చివర ఇంటివారి నంబరు ఎలాగో సంపాదించి వారికి చెబితే, వారి అబ్బాయి వచ్చి తలుపు కొట్టాడు. అప్పటికి బస్సులు లేవు. కారు కుదుర్చుకుని వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. ద్రాక్షారామానికి కాకినాడ ఏమంత దూరం? ముప్ఫై కిలోమీటర్ల లోపు. ఎనిమిదిన్నరకు కబురు అందితే పదింటికి ముందే అక్కడ ఉండేవాణ్ణి. అక్కయ్య పదకొండున్నరకు పోయింది. "రెండుసార్లు నిన్నడిగింది మావయ్యా, తమ్ముడికి చెప్పారా అని" అంది మా మేనకోడలు. అంతకంటె ఒక్క మాట ఎక్కువ అనలేదు.

ఎందరి ఇళ్ళకు చావు కబుర్లు వేళకు అందించానో లెక్కలేదు. అర్ధరాత్రి ఎక్స్‌ప్రెస్ టెలిగ్రాము వస్తే మెసెంజరును లేపి పంపినవాణ్ణి. నా దాకా వచ్చిన కబురుకు నేనే అడ్డుపడి కూర్చున్నాను. ఇందులో ఏ కంపెనీనీ నేను తప్పు పట్టడం లేదు. పాత ఖాతా తీసెయ్యకుండా ఉంచుకున్నది నేనే.

కర్మకాండలు అయ్యాక, కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాణ్ణి ఒకణ్ణి పిలిపించి, రెంటిలో ఒకటి తీసెయ్యి బాబూ అన్నాను. ఎం.ఎస్.ఎన్. మెసెంజర్ తీసెయ్యడం తేలిక, కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాముల జాబితాలో పేరు ఉంటుంది. విండోస్ మెసెంజర్ పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. 2002లో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాకుతో దానికి దారి చూపే బొమ్మలను దాచే వీలు వచ్చిందిగాని, ప్రోగ్రాము లోపల అలాగే ఉండేది. "ఇది ఇల్లు కట్టేటప్పుడే గోడలో పెట్టేసిన బీరువా బాబాయ్‌గారూ" అన్నాడు ఆ కుర్రవాడు.

తరువాత వాడు చేసినది నాకు భలే నచ్చింది. విండోస్ ఫోల్డరులో ఐ.ఎన్.ఎఫ్. అనే చోట సిస్‌ఓసి అనే ఫైలు ఉంది. అది మామూలు అక్షరాల ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మనకూ కనిపిస్తుంది. విండోస్ వెంట వచ్చిన భాగాలన్నీ అందులో వరుసకు ఒకటిగా ఉన్నాయి. మెసెంజర్ తాలూకు వరుసలో కామాల మధ్య 'హైడ్' అన్న మాట ఉంది, అంటే దాచు. ముందు జాగ్రత్తగా ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టి, ఆ ఒక్క మాట చెరిపి, కామాలు అలాగే ఉంచి, భద్రపరిచాడు. కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే, అంతవరకూ లేని పేరు తీసివెయ్యదగిన భాగాల జాబితాలో ప్రత్యక్షమయింది. టిక్కు తీసేశాడు, పోయింది. ఒక్క మాటతో అంత మనిషిని తెర వెనక నిలబెట్టారు గదా అనిపించింది. ఆ తరువాత మెయిలు చూసుకునే అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తెరుచుకోవడానికి కొన్నాళ్ళు బద్ధకించింది. లేని చుట్టాన్ని వెతుక్కుంటోందని కుర్రవాడు చెప్పి, దానికీ మందు వేశాడు.

ఇదంతా ఎందుకు జరిగిందన్నది చరిత్ర. మొదట చెప్పిన 1865 నాటి ఒప్పందం వంటిది మెసెంజర్ల లోకంలో లేదు. 1996లో ఇజ్రాయెల్ కుర్రవాళ్ళు ఐ.సి.క్యు. తెచ్చారు. 1997లో ఎ.ఓ.ఎల్. వారిది, 1998లో యాహూది, 1999లో మైక్రోసాఫ్ట్‌ది వచ్చాయి. ఒకదాంట్లో ఉన్నవాడు రెండోదాంట్లో ఉన్నవాడితో మాట్లాడలేడు. 1999లో మైక్రోసాఫ్ట్ వారు తమ మెసెంజర్ నుంచి ఎ.ఓ.ఎల్. వాడుకరులతో మాట్లాడే ఏర్పాటు చేస్తే, ఎ.ఓ.ఎల్. వారు అడ్డుకట్ట వేశారు. వీరు దాన్ని దాటడం, వారు మళ్ళీ వేయడం, ఇలా కొన్ని నెలలు నడిచింది. కొడుకు ఒకదాంట్లో, కూతురు ఇంకొకదాంట్లో ఉంటే తండ్రి రెండూ పెట్టుకోవలసిందే. యాహూ, మైక్రోసాఫ్ట్ రాజీపడి తమ రెండింటినీ కలిపినది 2006లో. ఆ కలయిక 2012 దాకానే నిలిచింది.

విండోస్‌లో మెసెంజర్‌ను అంటగట్టడం గురించి ముందు గట్టిగా తీర్పు చెప్పినది దక్షిణ కొరియా. 2005 డిసెంబరులో అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు 33 వందల కోట్ల వాన్ల జరిమానా వేసి, మీడియా ప్లేయరు, మెసెంజర్ లేని విండోస్‌ను కూడా అమ్మాలని ఆదేశించింది. మరుసటేడు ఆ దేశంలో అటువంటి ఎక్స్‌పి అమ్మకానికి వచ్చింది. ఆ తరువాతి విండోస్ విస్టాలో విండోస్ మెసెంజర్ ఎక్కడా పెట్టనేలేదు. మా కుర్రవాడు ఒక్క మాట చెరిపి చేసిన పనికి అక్కడ అంత విచారణ కావలసి వచ్చింది.

మిగిలినవీ ఒక్కొక్కటే కన్నుమూశాయి. ఎం.ఎస్.ఎన్. మెసెంజర్ పేరు మార్చుకుని విండోస్ లైవ్ మెసెంజర్ అయింది. మైక్రోసాఫ్ట్ 2011లో స్కైప్‌ను కొని, 2013లో వాడుకరులను అందులోకి తరలించింది. మా టెలిగ్రాముకు సెలవు చెప్పినదీ అదే 2013 జులైలోనని గమనించండి. నూట యాభై ఏళ్ళకు పైగా బతికినదీ, పధ్నాలుగేళ్ళు బతికినదీ ఒకే ఏడాది పోయాయి. ఎ.ఓ.ఎల్. వారిది 2017లో, యాహూది 2018 జులైలో, ఐ.సి.క్యు. 2024 జూన్‌లో ఆగాయి. స్కైప్ కూడా 2025 మే నెలలో మూతపడింది.

అయితే జంట మెసెంజర్ల గొడవ వాటితో పోలేదు, కంప్యూటరు నుంచి చేతిలోని ఫోనులోకి దిగింది. కిందటేడు మన సభ్యులొకరు లైఫ్ సర్టిఫికెట్ గురించి గ్రూపులో పెట్టిన కబురు అందలేదని నొచ్చుకున్నారు. ఆయన ఫోను తీసుకుని చూస్తే వాట్సాప్ బొమ్మలు రెండు. ఒకటి పాత నంబరుతో, ఒకటి మనవడు వేసిన కొత్త నంబరుతో. మన గ్రూపులో ఉన్నది పాత నంబరు, ఆయన చూస్తున్నది కొత్తది. నాకు ఒక్క క్షణం 2003 డిసెంబరు కళ్ళముందు కదిలింది. ఈ ఏర్పాటును సామ్‌సంగ్ ఫోన్లలో డ్యుయల్ మెసెంజర్ అనే అంటారు. ఇది చాలదన్నట్లు, 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ వేరే బొమ్మ. 2023 అక్టోబరు నుంచి ఒకే వాట్సాప్‌లో రెండు ఖాతాలు పెట్టుకునే వీలూ ఇచ్చారు. జి.బి. వాట్సాప్ వంటివి మాత్రం అసలు కంపెనీవి కావు, ఎవరో తయారుచేసినవి. ఇంట్లో పిల్లలు వేసి ఉంటే తీసేయించండి.

తీసేముందు చూసుకోవలసినవి నాకు తెలిసినంతవరకు చెబుతాను. రెండు బొమ్మలూ తెరిచి, సెట్టింగ్స్‌లో మీ పేరు కింద ఏ నంబరు ఉందో కాగితం మీద వ్రాసుకోండి. మీరు ఉంచుకోదలచిన నంబరే బ్యాంకులో, పెన్షను ఆఫీసులో, మన సంఘం పుస్తకంలో ఉందో లేదో సరిచూసుకోండి. వదిలేసే దాంట్లో ఉన్న గ్రూపులవారికి కొత్త నంబరు తెలియజేయండి. ఆ తరువాతనే తీయండి. బొమ్మను ఫోను నుంచి తీసినంతమాత్రాన ఖాతా పోదు, అవతలివాళ్ళు పంపుతూనే ఉంటారు. అందుచేత ముందు లోపలికి వెళ్ళి ఖాతానే రద్దు చెయ్యాలి. రీఛార్జి చెయ్యక వదిలేసిన నంబరును కొన్నాళ్ళకు, కనీసం 90 రోజుల గడువు తరువాత, ఇంకొకరికి ఇచ్చేస్తారు. బ్యాంకు కబుర్లు ఆ కొత్త మనిషికి వెళతాయి.

2022 మేలో అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో ఇంటర్నెట్ కొన్ని రోజులు నిలిపివేశారు. ఇళ్ళనుంచి కంప్యూటరు ఉద్యోగాలు చేసుకునే పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని నెట్ అందే ఊళ్ళకు పరుగెత్తారు. ఇబ్బంది ఇబ్బందే. కాని ఆగిందని అందరికీ తెలుసు గనుక, పాతకాలంలోలాగా ఒకరికొకరం మామూలు ఫోన్లు చేసుకున్నాము. తుపాను మరునాటి కౌంటరు గుర్తొచ్చింది.

యూరప్‌లో 2022లో చేసిన డిజిటల్ మార్కెట్ల చట్టం ప్రకారం పెద్ద మెసెంజర్లు ఇతరుల మెసెంజర్లకు తలుపు తెరవాలి. అంటే పారిస్‌లో 1865లో జరిగిన పని మళ్ళీ మొదలుపెడుతున్నారన్నమాట. మన దాకా ఎప్పుడు వస్తుందో, అంతవరకు మనం ఉంటామో లేదో.

మా అబ్బాయి ఇప్పుడు వాట్సాప్‌లోనే మాట్లాడతాడు. నా ఫోనులో ఒకటే బొమ్మ, ఒకటే నంబరు. మా మేనకోడలు మాత్రం నాకు అందులో ఏమీ వ్రాయదు, ఫోనే చేస్తుంది. మొదటి రింగుకే ఎత్తుతాను.